ఇబు మొదలుపెట్టిన సదస్సు

ఇండోనేషియన్ భాష మీద నాకు ముందునుంచీ మోజేమీ లేదు. అవసరం కొద్దీ నేర్చుకున్నాను. న్యూజెర్సీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. మచిలీపట్నం రేవు నుంచి జావా, సుమత్రా దీవులకు ఓడల్లో వెళ్ళిన అద్దకం బట్టల మీద నా పరిశోధన. రెండో సంవత్సరంలో మా గైడ్ నేను రాసిన అధ్యాయం చదివి, "బట్ట ఓడ ఎక్కేదాకా బాగానే రాశావు. ఓడ దిగాక దాన్ని ఎవరు కట్టుకున్నారో నీకు తెలియదు. ఆ భాష నేర్చుకుని రా," అన్నాడు.

అప్పట్లో మేం పిస్కాటవేలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారాంతాల్లో ఎవరో ఒకరింట్లో తెలుగువాళ్ళం కలిసేవాళ్ళం. నేను ఇండోనేషియన్ క్లాసుకు వెళ్తున్నానంటే ఒకాయన, "ఇండియన్ స్టడీసా? అది ఇండియాలోనే చేయొచ్చు కదండీ," అన్నాడు. ఇండియా కాదు, ఇండోనేషియా అని చెప్పాను. ఆయన, "దాంతో జాబ్ వస్తుందా?" అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

క్లాసు చెప్పే ఆవిడ పశ్చిమ సుమత్రా నుంచి వచ్చింది. పొట్టి మనిషి. తెల్లబడుతున్న జుట్టును గట్టిగా ముడి వేసుకునేది. వాళ్ళ భాషలో 'ఇబు' అంటే అమ్మ. టీచరునూ, వయసులో పెద్దావిడనూ కూడా అలాగే పిలుస్తారు. మేమంతా ఆవిడను ఇబు అనే పిలిచేవాళ్ళం. ఆవిడది పర్మనెంట్ ఉద్యోగం కాదు, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించేవారు. ఆవిడ క్లాసుకు యూనివర్సిటీలో అన్ని మూలల నుంచీ మనుషులు వచ్చేవారు. అడవుల మీద పరిశోధన చేసేవాళ్ళు, సంగీతం వాళ్ళు, పబ్లిక్ హెల్త్ వాళ్ళు, నాలాంటి చరిత్రవాళ్ళు. భాష రాగానే ఎవరి శాఖకు వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం.

ఒక వేసవి తర్వాత ఇబుకు ఒక విషయం తెలిసింది. మా క్లాసులోనే చదివిన అడవుల విద్యార్థి ఒకడు, అతనికంటే ముందు బ్యాచ్‌లో చదివిన సంగీతం అమ్మాయి ఒకతె ఆ సెలవుల్లో జావాలో ఒకే చిన్న ఊళ్ళో రెండు నెలలు ఉన్నారట. ఒకరు ఉన్నట్టు ఇంకొకరికి తెలియదు. ఇబుకు ఇది నచ్చలేదు. ఆ రోజు క్లాసులో పాఠం పక్కనపెట్టింది.

"ఇద్దరికీ నేనే నేర్పాను. ఇద్దరూ ఒకే సంతలో కూరగాయలు కొనుక్కుని ఉంటారు. ఇలాగైతే నేను ఎవరికి నేర్పుతున్నట్టు?" అంది. పుస్తకం మూసేసి, "ఏప్రిల్‌లో ఒక శనివారం అందరూ రండి. నేను నేర్పిన భాషతో ఏం చేశారో నాకు చెప్పండి. భోజనం నాది," అంది.

మా సదస్సు పుట్టుక అదే. ఇప్పుడు దానికి వెబ్‌సైటూ, లోగో, సంఘమూ ఉన్నాయి. వెబ్‌సైట్‌లో పుట్టుక గురించి వేరేగా, ఇంకొంచెం గంభీరంగా రాసి ఉంటుంది.

ఆ మొదటి ఏడాది మేం కలుసుకున్నది రోజూ పాఠం జరిగే గదిలోనే. ఇబు కొన్ని షరతులు పెట్టింది. అందరూ ఒకే గదిలో కూర్చోవాలి. పక్క శాఖవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. తన వంతు అయిపోయిందని ఎవరూ లేచి వెళ్ళకూడదు. అడవుల విద్యార్థి తగలబడే నేల గురించి చెప్పాడు. బోర్నియో దీవిలో బురదనేలల కింద ఆకులూ వేర్లూ వేల ఏళ్ళుగా కుళ్ళకుండా పేరుకుని ఉంటాయట. నీళ్ళు తోడేస్తే ఆ మట్టే అంటుకుంటుందట. చెట్టు కాదు, నేలే కాలుతుందని అతను చెప్తుంటే సంగీతం అమ్మాయి నోరు తెరుచుకుని విన్నది.

నా వంతు వచ్చింది. మా తీరం బట్టలకు ఎర్రరంగు చిరివేరు నుంచి వచ్చేదనీ, జావావాళ్ళు ఆ ఎరుపును ఇష్టపడేవారనీ చెప్పాను. అడవుల విద్యార్థి చెయ్యెత్తాడు.

"జావాలో కూడా ఎరుపు తీసే వేరు ఉంది కదా. నేను ఆ చెట్లు చూశాను. వాళ్ళ ఎరుపు వాళ్ళ దగ్గర ఉండగా సముద్రం దాటి వచ్చిన మీ ఎరుపు ఎందుకు కొన్నారు?"

ఆ ప్రశ్న రాసుకున్నాను. అతను చూసింది చిరివేరు మొక్క కాదు, మన తొగరు జాతి చెట్టని తర్వాత తెలుసుకున్నాను. కానీ అసలు ప్రశ్న అలాగే మిగిలింది. ఓడల లెక్కలు చదివినవాళ్ళెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. తర్వాతి రెండేళ్ళు దానికి జవాబు వెతకడంతోనే గడిచాయి. నా థీసిస్‌ను ఆ ప్రశ్న చుట్టూ మళ్ళీ రాసుకున్నాను.

మరుసటి ఏడాది చుట్టుపక్కల యూనివర్సిటీల నుంచి కూడా వచ్చారు. ఆ తర్వాతి ఏడు దూరం నుంచి విమానాల్లో వచ్చారు. నూవర్క్ ఎయిర్‌పోర్ట్ నుంచి వాళ్ళను తీసుకొచ్చే పని మా ఆయన మీద పడింది. ఆయనది వరంగల్.

"మల్ల ఎయిర్‌పోర్ట్‌కా? ఈసారి ఎవలు?" అని అడిగేవాడు.

"అగ్నిపర్వతాల ఆవిడ. విస్కాన్సిన్ నుంచి."

"పోయినేడు వచ్చినాయన మస్తు చెప్పిండు దారంత, కోర్టు కేసుల గురించి. మీ కాన్ఫరెన్స్‌ల నాక్కూడ ఒక సర్టిఫికెట్ ఇయ్యుమను. సగం పేపర్లు నా కార్‌లనే ప్రెజెంట్ చేస్తున్నరు."

ఆయన హాస్యానికి అన్నా అందులో కొంత నిజం ఉంది. కారులో కూర్చున్నవాళ్ళు, తమ విషయం ఏమీ తెలియని మనిషికి చెప్పాలి కాబట్టి బాగా చెప్పేవారు.

నాలుగో ఏట రాజనీతి శాఖకు కొత్త ప్రొఫెసర్ వచ్చాడు. ఇండోనేషియా ఎన్నికల మీద పనిచేసినవాడు. చురుకైన మనిషి. మా శనివారం సమావేశం చూసి, "దీన్ని ఇలా చిన్నగా ఉంచడం అన్యాయం," అన్నాడు. నిధులు తెచ్చాడు. పేపర్లు పంపమని ఊరూరా ప్రకటన పంపాడు. వచ్చిన సారాంశాలను రాసినవారి పేరు కనపడకుండా ఇద్దరిద్దరు చదివి, తీసుకోవాలో వద్దో చెప్పే పద్ధతి పెట్టాడు. నేనూ, అడవుల విద్యార్థీ కమిటీలో చేరాం. ఇబు కూడా ఉండేది. శనివారం కాస్తా శుక్ర శనివారాలైంది. అప్పటికీ అందరికీ సమయం చాల్లేదు.

ఒక మీటింగ్‌లో ప్రొఫెసర్, "రెండు గదులు చేద్దాం. ఒకదాంట్లో చరిత్ర, సాహిత్యం. ఇంకోదాంట్లో పర్యావరణం, రాజకీయాలు," అన్నాడు.

"ఒకే గది చాలదా?" అంది ఇబు.

"ఇంతమందిని ఒక గదిలో మాట్లాడించలేం ఇబు."

"అయితే తక్కువమందిని పిలవండి."

"పిలవకపోతే వాళ్ళ సీవీలో ఏముంటుంది? వీళ్ళంతా ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళు. మనం కాదన్న ప్రతి మనిషికీ ఒక అవకాశం పోయినట్టే."

ఇబు నావైపు చూసింది. అప్పుడు నేనూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. నా స్టూడెంట్ వీసా గడువు ఎప్పుడు ముగుస్తుందో నాకు ప్రతి ఉదయమూ గుర్తుండేది. రెండు గదులకే ఓటేశాను. ఇప్పుడు అడిగినా అలాగే వేస్తాను. ఆ మాట ఇబుతో కూడా అన్నాను. ఆవిడ తల ఊపింది, కోపం తెచ్చుకోలేదు. కానీ సదస్సు రోజున చరిత్ర గదిలో చరిత్రవాళ్ళే కూర్చున్నారు. వాళ్ళ భాష వాళ్ళకు అర్థమైంది కాబట్టి విడమరిచి చెప్పే పని తగ్గింది. ఇబు మాత్రం పట్టుబట్టి తనకు బొత్తిగా తెలియని విషయాల గదికే వెళ్ళేది. ముందు వరసలో కూర్చుని, "ఇది నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు," అనేది. కొందరికి అది చిరాకు. కొందరు మళ్ళీ చెప్పేవారు, రెండోసారి బాగా చెప్పేవారు.

రెండు గదులు నాలుగయ్యాయి. కోవిడ్ వచ్చిన ఏడాది సదస్సు తెర మీద జరిగింది. అప్పుడే అనుకోనిదొకటి జరిగింది. ఇండోనేషియా నుంచి మనుషులు వచ్చారు. అన్నేళ్ళూ వాళ్ళ దేశం గురించి మేం మాట్లాడుకున్నాం గానీ వీసా, విమానం ఖర్చు దాటుకుని వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరే. ఇప్పుడు మకస్సర్ నుంచి, అంబోన్ నుంచి, ఎక్కడెక్కడి కాలేజీల నుంచో చేరారు. మాకు పొద్దున, వాళ్ళకు సాయంత్రం. వెనక కోళ్ళు, మోటార్‌సైకిళ్ళు, పిల్లల ఏడుపులు వినిపించేవి. ఇబు ఆ రెండు రోజులూ తెర ముందు నుంచి లేవలేదు. "మొదటిసారి ఇండోనేషియన్‌లో ప్రశ్నలు వచ్చాయి," అని నాకు ఫోన్ చేసి చెప్పింది.

మళ్ళీ తలుపులు తెరిచాక సదస్సు మా తరగతి భవనాల్లో పట్టలేదు. ఒక హోటల్‌కు మారింది. సరిగ్గా ఆ ఏడాదే యూనివర్సిటీ ఇబు క్లాసును ఆపేసింది. విద్యార్థులు తగ్గారని కారణం చెప్పారు. అబద్ధం కాదు. నేను చదివినప్పుడు గదిలో సగం కుర్చీలు నిండేవి, చివరికి ముందు వరస కూడా నిండేది కాదు. భాష రాకుండానే ఇండోనేషియా మీద థీసిస్ రాయొచ్చని ఈలోగా చాలామంది నేర్చుకున్నారు. గణాంకాలు ఇంగ్లీషులో దొరుకుతాయి, అనువాదం ఫోన్ చేస్తుంది. ప్రొఫెసర్ డీన్‌ను రెండుసార్లు కలిశాడు. మేమంతా సంతకాలు చేసి పంపాం. డీన్ ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు.

ఇబు ఇల్లు సర్దుకుంటుంటే సాయానికి వెళ్ళాను. అప్పటికి నాకు నార్త్ కరొలైనాలో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మా కుటుంబం క్యారీకి మారబోతోంది. ఇద్దరి ఇళ్ళలోనూ అట్టపెట్టెలే.

"క్లాసు లేకుండా సదస్సు ఎలా నడుస్తుంది ఇబు?" అన్నాను.

"ఎందుకు నడవదు? పెద్దదయింది. దాని కాళ్ళ మీద అది నడుస్తుంది," అంది ఆవిడ గిన్నెలకు కాగితం చుడుతూ. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని చూశాను. ఉందో లేదో తెలియలేదు.

ఆవిడ కమిటీ నుంచి తప్పుకుని ఫిలడెల్ఫియాకు వెళ్ళింది. అక్కడ ఊరి దక్షిణం వైపు ఇండోనేషియా కుటుంబాలు చాలా ఉన్నాయి. గిడ్డంగుల్లో, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు. వారంలో ఆస్పత్రుల్లో వాళ్ళకు దుబాసీగా ఉండేది. శనివారాలు ఒక చర్చి హాలులో వాళ్ళ పిల్లలకు భాష నేర్పేది.

రెండేళ్ళ తర్వాత ఒక సంఘటన జరిగింది. ఆ ఏడాది సదస్సుకు వచ్చిన సారాంశాల మీద నిర్ణయాలన్నీ అయిపోయి, జవాబులు కూడా వెళ్ళిపోయాక, పేర్లతో ఉన్న వివరాలు కమిటీకి వచ్చాయి. చదువుతున్నాను. తిరస్కరించినవాటిలో ఇబు పేరు ఉంది. అమెరికాలో పుట్టిన ఇండోనేషియా పిల్లలు ఇంట్లో పెద్దలతో ఎలా మాట్లాడతారన్నది విషయం. ఆవిడ పంపినట్టు మాలో ఎవరికీ తెలియదు. చెప్పకుండా, అందరిలాగే పంపింది.

వెంటనే వీడియోలో కమిటీని కూర్చోబెట్టాం. ముందు రాజనీతి ప్రొఫెసర్ అందుకున్నాడు. "మినహాయింపు ఇద్దాం. ఆవిడ లేకపోతే ఇది లేదు. కీలక ప్రసంగం చేయమని అడుగుదాం," అన్నాడు.

అడవుల విద్యార్థి ఇప్పుడు ఇల్లినాయిలో ప్రొఫెసర్. అతను ఆయన్ను ఆపి, "ఆ రెండు రివ్యూల్లో ఒకటి నాది. వద్దని రాసింది నేనే," అన్నాడు.

అతను షికాగో నుంచీ, నేను క్యారీ నుంచీ ఆ వారాంతంలోనే ఫిలడెల్ఫియా వెళ్ళాం. ఇబు మేం వస్తున్నామని వంట చేసి పెట్టింది. అతను కోటు కూడా విప్పకుండా ఆ రివ్యూ తనదేనని గుమ్మంలోనే చెప్పేశాడు.

"లోపలికి రా. ఏం రాశావో చదివి వినిపించు," అంది.

అతను ఫోన్ తీసి చదివాడు. "ఉదాహరణలు ఆసక్తిగా ఉన్నాయి. కానీ తన వాదనకు సరిపోయినవాటినే రచయిత ఏరుకున్నట్టుంది. ఏరని మాటలు ఏమయ్యాయి?"

"సరైన ప్రశ్నే," అంది ఇబు. "నాకు గుర్తున్నవి రాశాను. గుర్తుండేవి ఎప్పుడూ మనకు కోపం తెప్పించినవే." అన్నం గిన్నె అతని ముందుకు జరిపింది. "నువ్వు అడవిలో చెట్లను ఎలా ఏరుకుంటావు?"

"ఏరుకోం ఇబు. తాడుతో నేలమీద ఒక గడి గీస్తాం. గడిలో ఉన్నవన్నీ రాస్తాం. మంచి చెట్టా, మామూలు చెట్టా అని చూడం. మొలక, ఎండిపోయిన మోడు, అన్నీ."

"గడి ఎక్కడ గీయాలో?"

"అది కూడా మన ఇష్టం కాదు. ముందే చీటీ వేసినట్టు నిర్ణయిస్తాం. లేకపోతే నడవడానికి వీలుగా ఉన్నచోటే గీస్తాం కదా."

ఆవిడ తినడం ఆపి ఆలోచించింది. "అయితే ఒక ఇంటి భోజనాల బల్లను గడి అనుకో. కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా అన్న ప్రతి మాటా రాయాలి. అంతేనా?"

"అంతే."

మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ ఏ కుటుంబాలు ఒప్పుకుంటాయి, పండగరోజు లెక్కలోకి తీసుకోవాలా, అతిథి ఉంటే ఏం చేయాలి అని మాట్లాడుకుంటూనే ఉన్నారు. కీలక ప్రసంగం మాట నేను ఎత్తాను. వద్దంది. "పేపరు బాగాలేదని చెప్పినవాళ్ళు పూలదండ వేస్తే నేనేం చేసుకోను?" అంది.

మేం బూట్లు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, "బాధపడలేదని మాత్రం అనుకోకండి. ఆ ఇమెయిల్ వచ్చిన రోజు నేను వంట చేసుకోలేదు," అంది. అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

మరుసటి ఏడాది ఆవిడ సారాంశం మళ్ళీ వచ్చింది. మేమిద్దరం రివ్యూల నుంచి తప్పుకున్నాం. వేరే ఇద్దరు చదివి తీసుకున్నారు. ఆ ఏడు హోటల్‌లో ఆరు గదులు నడుస్తున్నాయి. ఇబుకు మధ్యాహ్నం భోజనం తర్వాత, అందరికీ నిద్ర వచ్చే వేళ ఇచ్చారు. అయినా గది నిండింది.

ఆవిడ ఏ హంగూ లేకుండా చెప్పింది. ఇండోనేషియన్‌లో తల్లిని 'నువ్వు' అనరు. "అమ్మ ఎక్కడికి వెళ్తుంది?" అని తల్లితోనే అంటారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ చోట ఇంగ్లీషు 'యూ' పెడుతున్నారు. అది మర్యాద పోవడమేనని ఆవిడ అనుకునేదట, మొదటి పేపరులో అదే రాసిందట. భోజనాల బల్ల దగ్గరి మాటలన్నీ రాసి చూశాక వేరేది కనిపించింది. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో ఆ పిల్లలు ఇండోనేషియన్ 'నువ్వు' వాడుతున్నారు. ఇంగ్లీషు 'యూ' పెద్దవాళ్ళకు మాత్రమే. తమ భాషలోని 'నువ్వు' అమ్మను అనకూడదని వాళ్ళకు తెలుసు. అనకూడని చోట పరాయి మాట పెట్టుకున్నారు.

నాకు మా పాప గుర్తొచ్చింది. తెలుగువాళ్ళ పార్టీల్లో "అంకుల్, నువ్వు తిన్నావా?" అంటుంది. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు, నేను "మీరు అనాలి" అని సర్దుతాను. ఒక్కోసారి పెద్దవాళ్ళతో చటుక్కున ఇంగ్లీషులోకి మారిపోతుంది. తెలుగు రాక అనుకునేదాన్ని. ఆ తర్వాత ఆమె ఎప్పుడు మారుతోందో గమనించడం మొదలుపెట్టాను. ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు.

ప్రశ్నల సమయంలో రాజనీతి ప్రొఫెసర్ లేచాడు. "అయితే భాష నిలుస్తున్నట్టా, పోతున్నట్టా?"

"పోతోంది," అంది ఇబు. "మర్యాద పోలేదు. రెండూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు."

ఆ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. ఎవరెవరి యూనివర్సిటీలో ఇండోనేషియన్ క్లాసు ఉందో చెయ్యెత్తమన్నాడు. హాలు నిండా మనుషులున్నారు. చేతులు కొన్నే లేచాయి. అప్పుడు అక్కడికక్కడే మాటలు మొదలయ్యాయి. ఒక్కో చోట ముగ్గురు నలుగురే ఉంటే వాళ్ళందరినీ కలిపి వీడియోలో ఒక క్లాసు ఎందుకు పెట్టకూడదని ఎవరో అన్నారు. దానికి ఏడాదికి పైగా పట్టింది. క్రెడిట్లు ఎవరు ఇవ్వాలి, జీతం ఏ యూనివర్సిటీ ఇవ్వాలి అన్న తగాదాలన్నీ ఆ ప్రొఫెసరే తిరిగి తిరిగి తేల్చాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. సదస్సును పెద్దది చేసినందువల్లే ఆయన మాట అన్ని చోట్లా చెల్లింది.

ఇబు వెంటనే ఒప్పుకోలేదు. తెర మీద భాష నేర్పడంపై ఆవిడకు నమ్మకం లేదు. శనివారం పిల్లల క్లాసు మానననీ, విద్యార్థులు సెమిస్టర్‌కు ఒకసారైనా ఫిలడెల్ఫియా వచ్చి ఆ కుటుంబాలతో భోజనం చేయాలనీ పట్టుబట్టింది. అన్నీ ఒప్పుకున్నాక సంతకం పెట్టింది.

మొదటి క్లాసుకు నన్ను కూడా చేరమంది. నా ఇండోనేషియన్ తుప్పు పట్టిందని ఆవిడకు తెలుసు. క్యారీలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చేరాను. వేర్వేరు ఊళ్ళ నుంచి విద్యార్థులు చిన్న చిన్న చదరాల్లో కనిపించారు. అందరూ మైకులు ఆపుకుని కూర్చున్నారు. ఇబు నమస్కారం చెప్పి జవాబు కోసం ఆగింది. ఎవరి పెదాలు కదులుతున్నాయో చూసింది గానీ ఏమీ వినపడలేదు.

"మూగవాళ్ళకు నేనెలా నేర్పను? అందరూ మైకులు తెరవండి," అంది.

తెరిచారు. ఒక ఇంట్లో మిక్సీ, ఒక ఇంట్లో రైలు చప్పుడు, మా ఇంట్లో మా ఆయన ఆఫీస్ కాల్. ఎవరో కుర్రాడి వెనక కుక్క ఒకటి మొరగడం మొదలుపెట్టి ఆపలేదు. అతను కంగారుగా సారీ చెప్పి మైకు ఆపబోయాడు. ఇబు వద్దంది. కుక్కను ఇండోనేషియన్‌లో ఏమంటారో చెప్పి, అందరిచేతా గట్టిగా అనిపించింది.